వెట్టివాడి కర్తవ్యం

1805 అక్టోబరు 21న, స్పెయిన్ తీరాన ట్రఫాల్గర్ అగ్రం దగ్గర, 33 ఫ్రెంచి, స్పానిష్ యుద్ధనౌకల మీదికి 27 ఆంగ్ల నౌకలు పోతున్నవి. అప్పుడు అడ్మిరల్ నెల్సన్ తన 'విక్టరీ' ఓడ మీద జెండాలెత్తించి ఒక సందేశం పంపాడు. ప్రతి మనిషీ తన కర్తవ్యం నెరవేరుస్తాడని ఇంగ్లండు ఎదురుచూస్తున్నదని దాని భావం. ఇంగ్లీషు చదువు చదివిన వారిలో ఈ మాట విననివారు తక్కువ. దాని వెనక జరిగిన చిన్న సంగతి మాత్రం అంతమందికి తెలియదు. నెల్సన్ మొదట పంపమన్నది 'నమ్ముతున్నది' అని. ఆ మాటకు సంకేతాల పుస్తకంలో చోటు లేదు. అక్షరం అక్షరంగా ఎత్తితే ఆలస్యమవుతుందనీ, 'ఎదురుచూస్తున్నది' అంటే ఒక్క సంకేతంతో పోతుందనీ సంకేతాల అధికారి పాస్కో మనవి చేశాడు. నెల్సన్ ఒప్పుకున్నాడు. 'కర్తవ్యం' అనే మాటకు కూడా ఆ పుస్తకంలో సంకేతం లేదు. దానిని మాత్రం అక్షరాలుగా విడదీసి ఎత్తక తప్పలేదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. తెరచాప ఓడలతో నాకేం పని అని ఎవరైనా అడగవచ్చు. ఓడలతో పని లేకపోవచ్చును గాని, మాటలతో ఉన్నది. నమ్మకానికి బదులు ఎదురుచూపు వచ్చి చేరడం తొందరలో జరిగిన మార్పే. కాని ఆ ఇంగ్లీషు మాటలో ఆశ కంటే హక్కు పాలు ఎక్కువ. బాకీ రావలసినవాడు చూసే ఎదురుచూపు అది. అందుచేత ఒక ప్రశ్న అడగవలసి ఉన్నది. ఆ ఓడల్లోని మనుషులు ఇంగ్లండుకు ఏమి బాకీ? ఎప్పుడు తీసుకున్న అప్పు అది?

ఆ రోజు 'విక్టరీ' మీద దాదాపు 820 మంది ఉన్నారు. అటువంటి ఓడల్లోని కళాసులు అందరూ ఇష్టపడి చేరినవారు కారు. యుద్ధకాలంలో నావికాదళపు జట్లు రేవు పట్టణాల వీధుల్లో తిరిగి, సముద్రం పని తెలిసినవాడు కనిపిస్తే పట్టుకుపోయేవి. సరకు ఓడల్లో నెలల తరబడి తిరిగి, సొంత ఊరి తీరం కంటికి కనబడుతున్న వేళ, ఆ ఓడలను ఆపి మనుషులను దింపుకుపోయేవి. పట్టుబడినవాడు మళ్ళీ నేల మీద కాలు పెట్టడం కష్టం. పారిపోతారన్న భయంతో వాళ్ళకు సెలవు ఇచ్చేవారు కారు. భయం ఉత్తది కాదు. అంతకు ముందు యుద్ధంలో 42,000 మంది నావికులు పారిపోయారని 1803లో లెక్క వేసి రాసినవాడు నెల్సనే. దీనికి మన భాషలో మంచి మాట ఉన్నది: వెట్టి. జీతం ముట్టే వెట్టి అన్నమాట. ఆ జీతమైనా ఎంత? ఆరితేరిన నావికుడికి 1653లో నిర్ణయించిన నెలకు 24 షిల్లింగులే 1797 దాకా, అంటే 144 ఏళ్ళపాటు, మారలేదు.

మన భాషలో 'విధి' అంటే చేయవలసిన పని అనీ అర్థం, తలరాత అనీ అర్థం. స్వేచ్ఛగా బతికేవాడికి ఈ రెండూ వేరు. ఒకటి తాను ఎన్నుకునేది, రెండవది తన మీద పడేది. వెట్టివాడి విషయంలో రెండూ ఒకటైపోతవి. తలరాతగా మీద పడినదానినే కర్తవ్యంగా మోయమంటారు. మోస్తే వీరుడంటారు, దించితే ద్రోహి అంటారు. మన కావ్యాలు స్వామికార్యాన్ని ఎంతో పొగిడినవి. ఉప్పు తిన్న విశ్వాసం గురించి సామెతలున్నవి. ఈ నావికులు తిన్నది ఉప్పులో ఊరిన మాంసమే. అదికూడా పూర్తి తూకం కాదు. 16 ఔన్సుల పౌనుకు ఓడలో 14 ఔన్సులే ఇచ్చేవారు.

దీనికి రెండు సమాధానాలు చెబుతారు. దేశం ఆపదలో ఉన్నదనేది మొదటిది. అది అబద్ధం కాదు. బులోన్ దగ్గర నెపోలియన్ దండు దిగి ఉన్నది. కాని ఆపద దేశమందరిదీ అయితే నిర్బంధం కూడా అందరి మీదా పడాలి. ఫ్రాన్సులో 1798 నాటి చట్టం 20 నుంచి 25 ఏళ్ళ మగవారందరినీ సైనికసేవకు బాధ్యులను చేసింది. తర్వాత డబ్బున్నవాడు బదులు మనిషిని పంపే సందు ఏర్పడింది నిజమే. అయినా సూత్రం అందరికీ వర్తించేది. ఇంగ్లండులో పట్టుకుపోయింది సముద్రం మీద బతికే పేదవాణ్ణి. పెద్దమనిషి కొడుకు దళంలోకి వస్తే అధికారి కావడానికే వచ్చేవాడు. శత్రునౌక చిక్కినప్పుడు వచ్చే బహుమతి సొమ్ములో, 1808కి ముందు, ఎనిమిదింట మూడు వంతులు కెప్టెన్‌కూ అతని పై అడ్మిరల్‌కూ పోయేవి. వందల మంది కళాసులు కలిసి పంచుకునేది ఎనిమిదింట రెండు వంతులు.

రెండవ సమాధానం, అడ్మిరళ్ళు కూడా త్యాగం చేశారనేది. చేశారు. నెల్సన్ 1797లో టెనెరిఫ్ దగ్గర కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు, ట్రఫాల్గర్‌లో ప్రాణమే పోగొట్టుకున్నాడు. కాలింగ్‌వుడ్ 1803లో ఇల్లు వదిలి, మళ్ళీ ఇల్లు చూడకుండానే 1810లో సముద్రం మీద చనిపోయాడు. కొరడాదెబ్బలంటే అతనికి ఏవగింపు. తమను మనుషులుగా చూసిన ఇటువంటివారిని నావికులు ప్రేమించారు. ఆ ప్రేమను నేను శంకించను. కాని దయగల జమీందారు ఉన్నంత మాత్రాన జమీందారీ న్యాయం కాదు.

అసలు కర్తవ్యమంటే ఏమిటో ఆ నావికులే తేల్చి చెప్పిన సందర్భం ఒకటి ఉన్నది. 1797 ఏప్రిల్ 16న స్పిట్‌హెడ్ దగ్గర 16 ఓడల నావికులు లంగరెత్తమన్నారు. ఓడకు ఇద్దరు చొప్పున ప్రతినిధులను ఎన్నుకున్నారు. జీతం పెంచమన్నారు, పౌనుకు 16 ఔన్సులు తూచమన్నారు, గాయపడినవాడికి నయమయ్యేదాకా జీతం ఆపవద్దన్నారు. కట్టుబాటు వదలలేదు, తాగి అల్లరి చేసినవారిని తామే శిక్షించారు. ఫ్రెంచి నౌకలు బయటికి వస్తే మాత్రం ఈ గొడవ పక్కనపెట్టి యుద్ధానికి పోతామని మాట ఇచ్చారు. నన్ను ఆపేది ఈ చివరి మాట. అందులో కర్తవ్య నిరాకరణ లేదు. మా బాకీ మేము తీరుస్తాము, మీ బాకీ మీరు తీర్చండి అనడం మాత్రమే ఉన్నది. నిర్బంధపు పట్టివేతను రద్దుచేయమని వాళ్ళు అడగనే లేదు. అంత మితంగా అడిగారు కనుకనే ప్రభుత్వం దిగివచ్చింది. జీతం పెరిగింది, రాజు క్షమాపణ ప్రకటించాడు.

నోర్ దగ్గర మే 12న మొదలైన తిరుగుబాటు మరికొంత ముందుకు పోయింది. థేమ్స్ నది మీదుగా లండనుకు పోయే వర్తకాన్ని అడ్డుకున్నది. దానికి క్షమ దొరకలేదు. అప్పుల జైలు నుంచి దళంలోకి వచ్చిన రిచర్డ్ పార్కర్‌ను జూన్ 30న 'శాండ్‌విచ్' ఓడ మీద ఉరితీశారు, తర్వాత మరికొందరిని. ఆ వేసవిలో తిరగబడిన ఓడలలో కొన్ని అక్టోబరు 11న క్యాంపర్‌డౌన్ దగ్గర అడ్మిరల్ డంకన్ కింద పోరాడి డచ్చి దళాన్ని ఓడించినవి. మేలో ద్రోహులు, అక్టోబరులో వీరులు. మధ్యలో వాళ్ళ స్వభావం మారిందా? మారలేదు. మారింది వాళ్ళకు పేరు పెట్టేవారి అవసరం.

ఇంతకూ ఆ వీరత్వం దేనికి కాపలా కాసింది? నెపోలియన్ నుంచి ఇంగ్లండును కాచింది, నిజమే. 1804 సెప్టెంబరులో మన విశాఖపట్నం రేవులో ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మూడు నౌకలతో వచ్చి పడినప్పుడు, 'సెంచూరియన్' అనే ఆంగ్లనౌక ఒంటరిగా నిలిచి పోరాడింది. ఆ ఓడ కాపలా కాస్తున్నది ఈస్టిండియా కంపెనీ సరకు ఓడలకు. స్వేచ్ఛ పోగొట్టుకున్నవాడి ధైర్యం మరొక జాతి స్వేచ్ఛను తినేవాడికి కంచె అయింది. ఫిరంగి దగ్గర నిలబడిన కళాసిది ఈ నేరం కాదు. అయితే అతని ధైర్యం ఎంత నిజమో, దాని ఫలితమూ అంతే నిజం. ధైర్యాన్ని మెచ్చుకుని, అది ఎవరి చేతిలో పనిముట్టయిందో అడగకుండా ఊరుకుంటే మెచ్చుకోలు సగమే అవుతుంది.

కనుక నేననేది ఇది. నిర్బంధంలో చూపిన ధైర్యం కూడా ధైర్యమే. అది ఆ నావికుడి సొంతం. కాని దానిని కర్తవ్యమని పిలిచే హక్కు అతన్ని పట్టుకుపోయినవాడికి లేదు. కర్తవ్యం ఇద్దరి మధ్య ఉండే బాకీ. ఒక పక్క నుంచే వసూలు చేసేది పన్ను అవుతుంది, లేదా వెట్టి అవుతుంది. జాతి పేరుతో, సంస్థ పేరుతో, చివరికి ఆశయం పేరుతో ఎవరు మన కర్తవ్యాన్ని గుర్తుచేసినా, స్పిట్‌హెడ్ నావికుల వలె మర్యాదగానే, తూకం సరిగా ఉన్నదా అని అడగవలసి ఉన్నది. అలా అడిగినవాణ్ణి ద్రోహి అనే ముందు, శత్రువు వస్తే పోరాడతామన్న మాట కూడా వాళ్ళదేనని గుర్తుంచుకోవాలి.