ప్రాణలింగ రక్షణము



వీరశైవునకు ఇష్టలింగము కరస్థలమున వెలుగును, ప్రాణలింగము లోపల వెలుగును. కరస్థలమందలి లింగమునకు మనము నిత్యము మజ్జనము చేయించి, విభూతి నలది, పత్రి సమర్పింతుము. అదే పూజాగృహములో, మన ప్రక్కనే కూర్చున్న వాని ప్రాణలింగము కొడిగట్టిన దీపమువలె రెపరెపలాడుచున్నను గుర్తింపకపోవుట జరుగుచున్నది. ఈ మాట కటువుగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు.

జాతీయ నేర గణాంకముల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశములో 1,70,924 మంది తమ ప్రాణములను తామే తీసికొనిరి. అనగా దినమునకు సుమారు 468 మంది. వారిలో వ్యవసాయరంగమున బ్రతుకువారు 11,290 మంది, విద్యార్థులు 13,044 మంది. కారణములలో ముందు నిలిచినవి కుటుంబ సమస్యలు, పిదప వ్యాధులు. కాబట్టి ఇది ఒక అప్పుతో ముడివడిన విషయము కాదు. అనేక బాధలు పెనవేసికొనిన చిక్కుముడి.

ఖమ్మము సీమవారికి ఈ సంగతి పుస్తకములలో చదువనక్కరలేదు. 1997-98లో పురుగుసోకి ప్రత్తి నశించినపుడు ప్రక్కనున్న వరంగల్లు జిల్లాలో ఎన్ని ఇండ్లు దిక్కులేనివైనవో పెద్దలెరుగుదురు. 2017 ఏప్రిలులో మిర్చి ధర పడిపోయి ఖమ్మము మార్కెట్టు యార్డులో రైతుల ఆవేదన కట్టలు తెంచుకొన్నది. 2021-22లో తామరపురుగు మిరపతోటల పూతను పీల్చివేసినది. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటి ప్రవహించినది. అడవి అంచున కౌలుకు మిరప వేసినవాని స్థితి ఆలోచింపుడు. బ్యాంకువారు పట్టాదారు పుస్తకము నడుగుదురు. అది లేనివాడు వడ్డీవ్యాపారి గడప త్రొక్కును. పంట పోయినను కౌలు పోదు, వడ్డీ ఆగదు. అప్పులవాడు వాకిట నిలిచి కేకలు వేసిననాడు ఆ మనుష్యుని కుంగదీయునది సొమ్ము కంటెను ఇరుగుపొరుగు వినుచున్నారను సిగ్గే.

ఇట్టి మరణము సంభవించిన యింటిని గూర్చి కొందరు పాపమని పలికి, సమాధి సంస్కారమునకును వెనుకాడుదురు. ఆ తల్లిని, ఆ బిడ్డలను మరల శిక్షించు అధికారము ఎవరిచ్చిరి? శివుడు దయామయుడని నమ్మినవారు తీర్పు చెప్పుటకు ముందు ఆ యింటికి అన్నము పంపవలెను. పోయినవాడు పిరికివాడు కాడు, వీరుడును కాడు. భరింపరాని వేదనలో దారి కనబడనివాడు.

మరికొందరు, బసవపురాణమున భక్తులు ప్రాణములొడ్డిన కథలు లేవా యని ప్రశ్నింతురు. అవి భక్తితీవ్రతను చాటు పురాణకథనములు. నిత్యజీవనమునకు బసవేశ్వరుడు విధించినవి కాయకము, దాసోహము. రెంటికిని ఈ దేహమే సాధనము. ఈ దేహమునే ఆయన దేవాలయముగా భావించెను. లింగైక్యము శివుడు అనుగ్రహించునది. నిరాశ దానికి త్రోవ కాదు.

ఆయ్దక్కి మారయ్య కథ మనవారందరికి తెలిసినదే. శరణుల వాకిట రాలిన బియ్యపు గింజలనేరి దాసోహము సాగించుట అతని కాయకము. ఒకనాడు బసవన్న అతడెరుగకుండ ఎక్కువ గింజలు చల్లించెను. మారయ్య మూట బరువెక్కినది. భార్య లక్కమ్మ వెంటనే గుర్తించి, ఇంత యెక్కువ ఏల తెచ్చితివని సూటిగా అడిగి, మిగులును తిరిగి పంపినది. ఈ కథను సంతృప్తికి దృష్టాంతముగా చెప్పుట వాడుక. అందులో మరి రెండు పాఠములున్నవి. పేదవాని చేయి చాపనీయకుండ, వాని మానము చెడకుండ సాయము చేయవలెనన్నది బసవన్న పాఠము. ఇంటిమనిషి మూటలో వచ్చిన మార్పును ఆనాడే గమనించి నోరువిప్పి అడుగవలెనన్నది లక్కమ్మ పాఠము. నేటి మన యిండ్లలో గుండెమూట బరువెక్కిన మారయ్యలున్నారు. అడుగు లక్కమ్మలే కావలెను.

అడిగిన లేనిపోని ఆలోచన పుట్టింతుమేమోయని భయపడనక్కరలేదు. "చనిపోవలెనని అనిపించుచున్నదా?" అని ప్రేమతో అడుగుటవలన ఆ తలంపు కలుగదనియు, లోని భారము తగ్గుననియు మానసిక వైద్యులు చెప్పుచున్నారు. నిద్ర పట్టకపోవుట, నలుగురికి దూరమగుట, త్రాగుడు పెరుగుట, తాను భారమైతినని పలుకుట, వీడ్కోలు వంటి మాటలాడుట — ఇవి కనబడిన వారిని ఒంటరిగా విడువరాదు. ఉపదేశమునకు తొందరపడక వినవలెను. పురుగుమందులను తాళమువేసి, తాళపుచెవి వేరొకరివద్ద నుంచవలెను. శ్రీలంకలో అతిప్రమాదకరమైన పురుగుమందులను క్రమముగా నిషేధించిన పిమ్మట ఇట్టి మరణములు సగమునకు పైగా తగ్గినవి. ఆ గడియ దాటినచో మనిషి నిలుచుననుటకు ఇదియే నిదర్శనము.

పోలీసు కేసగునను భయముతో దాచిపెట్టువారు కలరు. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము తీసికొనబోయినవాడు తీవ్రమైన మనోవేదనలో నున్నట్లు భావించి, వానికి చికిత్స, పునరావాసము కల్పించుట ప్రభుత్వ బాధ్యతయని చెప్పినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో పాత శిక్షాస్మృతి యందలి 309వ సెక్షను లేదు. 2022 నవంబరులో కేంద్రప్రభుత్వము ఆత్మహత్యల నివారణకు జాతీయ వ్యూహమును వెలువరించి, 2030 నాటికి ఈ మరణములను పదిశాతము తగ్గింపవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, రేయింబవళ్లు, ఏ రుసుము లేకుండ, తెలుగులోనే మాటలాడువారు దొరకుదురు. ప్రాణాపాయము దాపురించినపుడు 108కి ఫోను చేసి తక్షణము ఆసుపత్రికి చేర్పవలెను.

అయితే చర్ల, దుమ్ముగూడెము వైపు అడవి గూడెములలో ఫోను అందని తావులున్నవి. అచ్చట మనిషికి మనిషే దిక్కు. అట్టిచోట దాసోహమునకు కులము, తెగ అను గిరి గీయరాదు. కోయ సోదరుని ప్రాణమును ప్రాణలింగమే. మఠములు ఈ సంఖ్యను వాకిట వ్రాయింపవలెను. సోమవారపు పూజానంతరము పంట, అప్పు, పరీక్ష, వ్యాధి అను మాటలను సిగ్గుపడక చెప్పుకొను కూటమి నడుపవలెను. అనుభవమంటపమున ప్రతి కాయకజీవికిని మాటాడు చోటుండెను గదా. పంచాచారములలోని గణాచారము సమాజ గౌరవమును కాపాడుటయే యందురు. గణములోని ఒక్కొక్క ప్రాణమును కాపాడుట కంటె వేరు గౌరవమేమి కలదు?

ఈ పుటలు చదువుచున్నవారిలోనే ఎవరి గుండె బరువెక్కి యున్నను, వారు ఈనాడే ఒక్కరితోనైన ఆ మాట చెప్పుదురు గాక. విన్నవారు రాత్రి యెంత ప్రొద్దుపోయినను వారి ప్రక్కనుండి లేవకుందురు గాక. అదియే నేటి శివపూజ.