నుడియు నడతయు

లాభము తెచ్చినంత కాలము మాత్రమే నిలిచిన మాటను మాట యనవచ్చునా? ఈ ప్రశ్న వ్యక్తికి వర్తించినట్లే సంస్థకును వర్తించును. ప్రపంచములోని పెద్ద చమురు సంస్థలలో ఒకటియైన బ్రిటన్ దేశపు బీపీ నడచిన త్రోవ ఈ విషయమున ఆలోచింపదగినది.

2020 ఫిబ్రవరిలో ఆ సంస్థకు క్రొత్తగా అధిపతియైన బెర్నార్డ్ లూనీ, 2050 నాటికి లేదా అంతకు ముందే తమ కర్బన ఉద్గారములను నికరముగా సున్నకు దింపుట తమ ధ్యేయమని ప్రకటించెను. ఆ సంవత్సరము ఆగస్టులో మరింత స్పష్టమైన మాట వెలువడెను. చమురు, సహజవాయువుల ఉత్పత్తిని 2019 నాటి ప్రమాణముతో పోల్చగా 2030 నాటికి నూటికి 40 పాళ్లు తగ్గింతుమనిరి. 2023 ఫిబ్రవరిలో ఆ 40 పాళ్లు 25 పాళ్లైనవి. 2025 ఫిబ్రవరిలో ఆ 25 పాళ్లును విడిచిపెట్టి, చమురు, వాయువులపై ఏటా సుమారు 1,000 కోట్ల డాలర్లు వెచ్చింతుమనియు, పొగ తక్కువైన ఇంధనములకై ముందనుకొనిన వ్యయములో ఏటా 500 కోట్ల డాలర్లకు పైగా తగ్గింతుమనియు ప్రకటించిరి.

ఈ మార్పులు జరిగిన కాలములను గమనింపవలెను. 2020లో మహమ్మారి వలన విమానములు నేలపై నిలిచెను, వాహనములు ఇండ్లముందే ఆగెను. ఆ ఏప్రిలులో అమెరికా ముడిచమురు ధర ఒకనాడు సున్నకంటెను దిగువకు పడెను. తగ్గింతుమన్న మాట ఆ సంవత్సరమునే వెలువడినది. 2022లో రష్యా యుక్రెయిన్‌పై దండెత్తగా ధరలు పైకెగసెను. రష్యాలోని వాటాను వదలుకొనిన నష్టమును మినహాయించి లెక్కింపగా, ఆ యేడు సంస్థ లాభము సుమారు 2,770 కోట్ల డాలర్లు. ఆ లాభమును వెల్లడించిన నాడే మాట సడలెను. గాదె ఖాళీగా నున్ననాడు పట్టిన ఉపవాసము గాదె నిండిన నాడు విడువబడినట్లయినది.

సంస్థ పక్షమున చెప్పబడు వాదము పూర్తిగా త్రోసిపుచ్చదగినది కాదు. ఒకరు ఉత్పత్తి తగ్గించినను కొనువారి అవసరము తగ్గదు, మరొకరు అమ్ముదురు; వాటాదారుల ధనమునకు సంస్థ జవాబుదారి; ఇంధనము లేనిదే పేదవాని పొయ్యియు వెలుగదు. ఇందులో సత్యము కలదు. కాని ఈ సంగతులన్నియు 2020లోను తెలిసినవే. తెలిసియు ఇచ్చిన మాటను, తెలిసిన కారణములనే చూపి వెనుదీసికొనుట ఎట్లు న్యాయమగును? ఇతరులు చేయుదురు గనుక నేనును చేయుదునను వాదమును అంగీకరించినచో, తూకములో మోసము చేయు వర్తకుని సహితము తప్పుపట్టజాలము.

ఇక పొగ ఎవరిదను ప్రశ్న కలదు. లీటరు పెట్రోలు తూకము కిలోకు తక్కువ. అది కాలినపుడు గాలిలోని ప్రాణవాయువు చేరి, రెండు కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు పుట్టును. చమురు సంస్థల కర్బన లెక్కలో పదింట ఎనిమిది తొమ్మిది పాళ్లు బావుల యొద్ద కాక, కొన్నవారు కాల్చినపుడే వెలువడును. అది కొన్నవానిదని అమ్మినవాడును, అమ్మినవానిదని కొన్నవాడును అనుచుందురు. తెలుగువారికిని ఈ లెక్కలో పాలు కలదు. కాకినాడ తీరమునకు ఆవల, సముద్రగర్భము నుండి వాయువును తీయు క్షేత్రములో 2011 నుండి బీపీ రిలయన్సుతో భాగస్వామి. అయినను అందరి పాలు సమానము కాదు. వేరొక పొయ్యి లేని ఇల్లాలి పాలు వేరు, క్రొత్త బావి త్రవ్వవలెనా వలదా యని నిర్ణయించువాని పాలు వేరు. ఎన్నుకొను శక్తి ఎంతయో బాధ్యతయు అంత.

లెక్క తగ్గినంతమాత్రమున పొగ తగ్గదు. 2020లో బీపీ అలాస్కాలోని తన చమురు వ్యాపారమును హిల్‌కార్ప్ అను సంస్థకు అమ్మెను. బీపీ ఖాతాలో ఆ మేరకు భారము తగ్గెను గాని బావులు ఆగలేదు. ఇంటి చెత్తను పొరుగువాని పెరటిలో పోసి, ఇల్లు శుభ్రమైనదనుకొనుట వంటిదిది.

నష్టపోయిన వాటాదారుడు సభలో నిలిచి అడుగగలడు. ఇంకను పుట్టని బిడ్డ కూర్చుండుటకు ఏ సభయు లేదు. హవాయి ద్వీపములోని మౌనా లోవా కొండపై 1958లో గాలిని కొలిచినపుడు, పది లక్షల పాళ్లలో బొగ్గుపులుసు వాయువు సుమారు 315 పాళ్లుండెను. 2024 నాటికి అది 420 దాటెను. ఆ కొలత ప్రతిజ్ఞలను లెక్కింపదు, కాలినదానినే లెక్కించును.

మాట ఇచ్చిన లూనీ 2023 సెప్టెంబరులోనే పదవిని వీడెను. 2050 నాటికి జవాబు చెప్పవలసినవారు మరెవరో. కావున దూరపు సంవత్సరమునకు ఇచ్చు మాటకంటె, ఇచ్చినవాడు పదవిలో నుండగనే పరీక్షింపదగిన మాట మేలు. అది ఖాతాలోని అంకెను గూర్చి కాక, భూమినుండి తీయు చమురును గూర్చినదై యుండవలెను. వెనుదీయక తప్పనిచో, ఆ నష్టము ఎవరిపై పడునో అదే ప్రకటనలో చెప్పవలెను.

సంపాదన ఎంతయని మాత్రమే కాక ఎట్లు వచ్చినదని అడుగుట కాయకము నేర్పిన పద్ధతి. పూట కూలి తెచ్చుకొనువానిని అట్లు అడుగు లోకము, కోట్ల డాలర్లు గడించువానిని అడుగక విడుచుట ధర్మము కాదు.