ద్రాక్షపండు చేతిలో ఉన్నప్పుడు

మొన్న ఎండాకాలం సెలవులకు మా అక్క మనవలిద్దరూ వచ్చారు. వాళ్ల చేతుల్లోంచి ఫోన్లు దించడానికి అటక మీది చింతగింజల డబ్బా తీసి ఓ ఆట పెట్టాను. ఆట అని వాళ్లతో అన్నానే గానీ, కాగితం మీద ఎన్నోసార్లు వేసుకున్న లెక్క అది. ఎదురుగా జరుగుతుంటే ఎలా ఉంటుందో చూడాలని ఎప్పటినుంచో ఉంది. ఇద్దరు పిల్లలు, నేను, మా ఆవిడ. తలా వంద గింజలు. ప్రతిసారీ ఇద్దరు పోటీ పడతారు, రూపాయి బిళ్ల ఎగరేస్తారు. ఆ ఇద్దరిలో ఎవరి దగ్గర తక్కువ గింజలున్నాయో చూసి, వాటిలో ఐదో వంతు పందెం. బొమ్మ పడితే నీకు, బొరుసు పడితే నాకు. తెలివితో పని లేదు, మోసానికి చోటు లేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి చిన్నవాడి ముందు మూడొందల పైచిలుకు గింజలు గుట్టగా ఉన్నాయి. మా ఆవిడ దగ్గర మిగిలినవి పదకొండు. ఆవిడ బిళ్ల తీసుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది, నేల మీద కొట్టి మోగించి చూసింది. "ఇది మంచిదేనా?" అంది.

మంచిదే. తిరకాసు బిళ్లలో లేదు, లెక్కలో ఉంది. ఎదుటివాడి దగ్గర ఎప్పుడూ ఎక్కువే ఉన్నాయనుకుంటే, వంద గింజలున్నవాడు ఒకసారి గెలిస్తే 120. తర్వాతి పందెం ఓడితే అందులో ఐదో వంతు, అంటే 24 పోయి 96. ముందు ఓడి తర్వాత గెలిచినా 80 మీద 16 కలిసి అదే 96. రెండుసార్లూ ఓడితే 64. రెండుసార్లూ గెలిచినవాడికి మాత్రం 144. నాలుగూ కూడండి, సరిగ్గా 400. సగటున ఎవరికీ పైసా నష్టం లేదు. కానీ ఆ నాలుగు దారుల్లో మూడు వందకు దిగువనే తేలాయి. ఇలాగే వేల పందేలు సాగితే గింజలన్నీ చివరికి ఒక్క చోటికే చేరతాయి. ఆ ఒక్కరు ఎవరన్నది మాత్రం బిళ్లకే తెలియాలి.

భౌతికశాస్త్రం చెప్పుకుని బతికిన నాకు ఈ లెక్క మీద మోజు కలగడంలో వింత లేదు. సీసాలో బంధించిన వాయువు అణువులు ఢీకొన్నప్పుడల్లా శక్తిని ఇచ్చి పుచ్చుకుంటాయి. అన్నిటికీ సమానంగా ఇచ్చి మొదలుపెట్టినా కాసేపటికి చాలావాటికి కొంచెం, కొన్నిటికి చాలా అన్న పంపకం దానంతటదే ఏర్పడుతుంది. మాక్స్‌వెల్, బోల్ట్జ్‌మన్ 19వ శతాబ్దంలో తేల్చిన సంగతి ఇది. అణువుల స్థానంలో మనుషులను, శక్తి స్థానంలో డబ్బును పెడితే? మేఘనాథ్ సాహా, బి.ఎన్. శ్రీవాస్తవతో కలిసి రాసిన ఉష్ణశాస్త్రం పాఠ్యపుస్తకంలో, 1931లోనే, అణువుల వేగాల పంపకాన్ని అర్థం చేయించడానికి జనం ఆదాయాల పంపకాన్ని పోలికగా తెచ్చారు. 1995లో కలకత్తాలో జరిగిన ఒక సదస్సులో యూజీన్ స్టాన్లీ ఈ చదువుకు 'ఎకనోఫిజిక్స్' అని పేరు పెట్టాడు. 2000లో అమెరికాలో డ్రగులెస్కు, యకొవెంకో అనే ఇద్దరు డబ్బు చేతులు మారే తీరుకు వాయువుల సూత్రాన్నే తగిలించారు. మా చింతగింజల ఆటలాంటి దాన్ని 2002లో విశ్లేషించినవాడు అనిర్బన్ చక్రవర్తి.

మనుషులు అణువులా అని ఆర్థికవేత్తలు విసుక్కున్నారు. న్యాయమే. అణువు పంట పండించదు, వడ్డీకి అప్పు తేదు, కూతురి పెళ్లికి పొలం అమ్మదు. అయినా ఈ బొమ్మలాట నాకొక మేలు చేసింది. కథలోంచి దొంగను తీసేసింది. దోపిడీదారు లేకుండా, కుట్ర లేకుండా, అందరూ ఒకే నియమానికి కట్టుబడినా గుట్ట ఒక్కడి ముందే పెరుగుతుందని చూపించింది. చూపించాక, "నా కష్టార్జితం" అనే మాట అనబోయినప్పుడల్లా నాలుక కొంచెం తడబడుతోంది. కష్టపడలేదని కాదు. నాతో సమానంగా కష్టపడి 64 దగ్గర ఆగినవాళ్లు నా చుట్టూ కనబడుతున్నారు.

మా ఆవిడ బిళ్లను నేలకేసి కొట్టినప్పుడు నవ్వొచ్చింది, ఎందుకంటే అదే పని చేసిన కోతిని నేను చూశాను. 2003లో నేచర్ పత్రికలో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ రాసిన ప్రయోగం ప్రపంచమంతా తిరిగింది. అట్లాంటాలోని యెర్కీస్ కేంద్రంలో కాపుచిన్ కోతులకు చిన్న రాయి ఇచ్చి, అది తిరిగిస్తే కీరా ముక్క పెట్టేవారు. కోతులకు అభ్యంతరం లేదు, ఎంతసేపైనా ఇచ్చి పుచ్చుకునేవి. పక్క బోనులోని కోతికి అదే పనికి ద్రాక్షపండు ఇవ్వడం మొదలుపెట్టాక కథ మారింది. తర్వాత డి వాల్ ఉపన్యాసాల్లో చూపించిన వీడియోలో మొదటి కోతి కీరా ముక్క అందుకుంటుంది, చూస్తుంది, పెట్టినామె మీదికే విసిరేస్తుంది. మళ్లీ రాయి ఇస్తే, ఇచ్చేముందు దాన్ని గోడకేసి కొట్టి చూస్తుంది. తప్పు రాయిదేమో అని.

ఈ వీడియో చూసి అన్యాయం మీద కోపం మన రక్తంలోనే ఉందని జనం మురిసిపోయారు. నేనూ మురిశాను. కానీ పరిశోధన అంత త్వరగా చప్పట్లు కొట్టనివ్వదు. ద్రాక్ష కళ్లెదుట ఉంటే చాలు, పక్కన ఎవరికీ పెట్టకపోయినా కీరా చప్పబడుతుందని కొందరు తేల్చారు. అది పక్కవాడితో పోల్చుకుని పడిన బాధ కాదు, ఆశపడి దొరకనందుకు చిరాకు అని వాళ్ల వాదన. 2024లో అనేక జంతువుల మీద జరిగిన ఇలాంటి ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి లెక్కగట్టినవాళ్లు, అసమానత మీద అయిష్టం ఉందనడానికి సాక్ష్యం లేదన్నారు. నా మటుకు నాకు ఈ తగవు తేలకపోయినా ఫర్వాలేదు. మనుషుల్లోనే ఏది న్యాయాగ్రహమో, ఏది ద్రాక్ష మీది ఆశో నేనింతవరకు విడదీసి చూడలేకపోయాను. నాలో అయితే మరీ.

ఆర్థికశాస్త్రం వైపు వెళితే ఇంకో తమాషా. 1982లో జర్మనీలో వెర్నర్ గ్యూట్, ఆయన సహచరులు ఇద్దరు మనుషుల మధ్య ఒక పంపకం పెట్టారు. ఒకరి చేతికి కొంత డబ్బిస్తారు. అందులో రెండోవాడికెంతో మొదటివాడు చెబుతాడు. రెండోవాడు సరేనంటే చెరి వాటా, కాదంటే ఇద్దరికీ సున్నా. పాఠ్యపుస్తకంలోని స్వార్థజీవి ఒక్క రూపాయి విదిల్చినా తీసుకోవాలి, సున్నా కంటే రూపాయి ఎక్కువే కదా. మనుషులు తీసుకోరు. ఐదో వంతుకు దిగితే చాలామంది మొత్తం తన్నేస్తారు. మరి ఆ పుస్తకంలోని మనిషి ఎక్కడ దొరికాడనుకున్నారు? 2007లో లైప్జిగ్‌లో కీత్ జెన్సన్ బృందం ఇదే ఆటను ఎండుద్రాక్షలతో చింపాంజీల చేత ఆడించింది. ఏమాత్రం ఇచ్చినా అవి పుచ్చుకున్నాయి. వందల పేజీల పుస్తకాల్లో వర్ణించిన ఆర్థిక మానవుడు చివరికి చింపాంజీల బోనులో తేలాడు!

ఈ ప్రయోగాలన్నీ తక్కువ అందినవాడి మీదే చూపు నిలిపాయి. విసురుతాడా, మింగుతాడా? ఎక్కువ అందినవాణ్ణి నిలబెట్టి అడిగిన ప్రయోగం ఒకటి మా జిల్లాల్లోనే జరిగింది. ప్రయోగశాలలో కాదు, ఊరి నడుమ.

1951 ఏప్రిల్ 18. తెలంగాణ సాయుధ పోరాటపు నెత్తురు ఇంకా ఆరలేదు. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని కాలినడకన బయల్దేరిన వినోబా భావే పోచంపల్లి చేరాడు. దళితవాడలో 40 కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలన్నాయి, సగం తరి, సగం ఖుష్కి. సర్కారు ద్వారా అయితే ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అక్కడే అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అడిగినదానికంటే 20 ఎక్కువ. ఆ మాట మీదే భూదానోద్యమం పుట్టింది.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ వంద ఎకరాలు కాదు, వినోబా తర్వాత కట్టిన వాదం. మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడనుకుని నా వాటా ఇవ్వండి అన్నాడు. అన్నదమ్ముల పంపకాల్లో గట్టు మీద జానెడు జాగా కోసం తలలు పగలగొట్టుకునే దేశంలో పంపకాల భాషే ఎత్తుకుని అడిగాడు! దయ చూపమనలేదు, వాటా తేల్చమన్నాడు. దానమంటే సమంగా పంచుకోవడమేనని శంకరుల వ్యాఖ్యానాన్ని సాక్ష్యం తెచ్చుకున్నాడు.

లక్ష్యం 5 కోట్ల ఎకరాలు. వాగ్దానంగా అందింది 40 లక్షల పైచిలుకు. అందులోనూ రాళ్లూ రప్పలూ, తగాదాల్లో ఉన్న భూమీ ఎంతో. పంచకుండా మిగిలింది ఎంతో. హైదరాబాద్ చుట్టుపక్కల భూదాన భూములు తర్వాత ఎవరెవరి చేతులు మారాయో పత్రికలు చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకని వినోబాను అమాయకుడని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒకప్పుడు గొంతు కలిపాను. ఇప్పుడు కలపను. చింతగింజల లెక్కలో కూడా అప్పుడప్పుడూ అందరి దగ్గరా కాస్త తీసి సమంగా పంచేస్తే గుట్ట ఒక్కచోటే చేరడం ఆగుతుందని గణితమే చెబుతోంది. తీసేది ఎవరు, ఇచ్చేది ఎవరు అన్నది గణితం చెప్పదు. పోచంపల్లిలో ఆ రోజు ఒకడు అడిగాడు, ఒకడు లేచాడు. ఆ లేవడంలో భయమెంత, దయ ఎంత, చనిపోయిన తండ్రి కోరిక ఎంత అని తూచేవాళ్లు తూచుకోవచ్చు.

నేను లేవలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

నేను పనిచేసిన కాలేజీలో భౌతికశాస్త్రానికి ఇద్దరం. నేను రెగ్యులర్, అతను గెస్ట్. అదే సిలబస్, అదే ల్యాబు, ఒక్కోసారి నాకంటే ఎక్కువ పీరియడ్లు. అతనికి పీరియడుకు ఇంతని కట్టి ఇస్తారు, సెలవులకు ఏమీ ఉండదు, ఆ ఇచ్చేది కూడా మూణ్ణెల్లకో నాలుగు నెలలకో. మాకు పీఆర్సీ వచ్చిన రోజు స్టాఫ్ రూమ్‌లో మైసూర్‌పాక్ పంచాం. పెట్టె అతని దాకా వెళ్లింది, అతనూ ఒక ముక్క తీసుకుని "కంగ్రాట్స్ సార్" అన్నాడు. సమాన పనికి సమాన వేతనం కావాలన్న వాళ్ల వినతిపత్రం మీద నేను సంతకం కూడా పెట్టాను. సంతకానికి ఖర్చేముంది?

ఓ శనివారం ల్యాబ్‌లో కరెంటు పోతే రెండు సెక్షన్లనూ ఒక గదిలో కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్‌లో ఆ కోతుల వీడియో పెట్టాను. కీరా ముక్క ఎగిరినప్పుడు పిల్లలు బల్లలు చరిచారు. అతను వెనక బెంచీలో కూర్చుని అందరితో పాటు నవ్వాడు. సాయంత్రం బస్టాండ్ దాకా కలిసి నడుస్తున్నప్పుడు అడిగాడు.

"ఆ రెండో కోతి ఏం చేస్తోంది సార్, చూశారా?"

నేను చూడలేదు. ఆ వీడియో అప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఒక్కసారీ కుడివైపు బోను చూడలేదు.

చింపాంజీలతో 2010లో చేసిన ఒక ప్రయోగంలో, పక్కదానికి క్యారట్ పెట్టి తనకు ద్రాక్ష ఇచ్చినప్పుడు, కొన్ని చింపాంజీలు మామూలుకంటే ఎక్కువసార్లు ద్రాక్ష వద్దన్నాయని ఆ తర్వాత చదివాను. ఎందుకు వద్దన్నాయో వాటినడిగి తెలుసుకునే వీలు లేదు. ఆ శనివారం నాటికి నాకు అది తెలియదు. అతని ప్రశ్నకు ఏదో అని, బస్సు వచ్చిందని ఎక్కేశాను. ఇంటికెళ్లి, అన్నం తిన్నాక వీడియో మళ్లీ పెట్టుకుని ఎడమవైపు అరచేత్తో మూసి చూశాను.

తింటోంది.