రెండు తలల పాము, శమంతకమణి, వాడపల్లి శివయ్య: దేనికి ఎంత ధర?

 

వాడపల్లి క్షేత్రం వీడియో చూసి మెసేజ్‌లు పెట్టిన అందరికీ ధన్యవాదాలు. అందులో టైమ్ సరిపోక వదిలేసిన మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు చాలామంది ఫోన్లలో ఈ రకం వీడియోలు తిరుగుతుంటాయి. రెండు తలల పాము ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుంది, బరువును బట్టి కోట్లు పలుకుతుంది అంటారు. ఇరవై గోళ్ల తాబేలు అని ఇంకొకటి. పిడుగు పడిన రాగిచెంబు బియ్యం గింజల్ని లాగుతుంది, దాన్ని రైస్ పుల్లర్ అంటారు అని మరొకటి.

మిర్యాలగూడ దగ్గర వ్యవసాయం చేసే మా మామయ్య, వడ్లు అమ్మిన పైసలు అలాంటి చెంబు 'టెస్టింగ్' కోసమని ఎవరికో అడ్వాన్స్ ఇచ్చాడు. చెంబు రాలేదు, ఆ ఫోన్ మళ్లీ కలవలేదు. ఇంత జరిగినా, పాము దొరికితే చాలని ఇంకా అంటుంటాడు.

ముందు నిజం చెప్పుకుందాం. ఆ పాముకి రెండు తలలు ఉండవు. తోక మొద్దుగా తలలాగే కనిపిస్తుంది, అంతే. విషం లేదు. మెత్తటి నేలలో దూరి ఉండి ఎలుకల్ని తింటుంది, అంటే రైతు గింజల్ని కాపాడుతుంది. అమ్మేవాళ్లు రెండో తల అని నమ్మించడానికి దాని తోక మీద వాతలు పెట్టి కళ్లు, నోరు చేస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం అన్నీ నేరాలే.

"నిజంగా లక్ష్మిని తెచ్చేదైతే వాడెందుకు అమ్ముతాడు మామా?" అని అడిగాను. నవ్వాడు. అప్పుడు ఇంకో ప్రశ్న అడిగాను. "సరే, నిజంగానే తెస్తది అనుకుందాం. అప్పుడు పట్టి కుండలో పెట్టొచ్చా?"

"ఒక్క పాము గురించి ఎవరాలోచిస్తరు అల్లుడా, అప్పులు తీర్తయ్ గదా" అన్నాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

వినాయక చవితి నాడు అక్షింతలు పట్టుకుని మనం వినే శమంతకమణి కథ గుర్తు చేసుకోండి. అది మోసం కాదు. రోజుకి ఎనిమిది బారువుల బంగారం నిజంగానే ఇచ్చేది. అయినా దాన్ని మెడలో వేసుకుని వేటకి వెళ్లిన ప్రసేనుడు తిరిగి రాలేదు. దాని కోసమే శతధన్వుడు నిద్రలో ఉన్న సత్రాజిత్తుని చంపాడని భాగవతం చెబుతుంది. జాంబవంతుడు మాత్రం బిడ్డ ఆడుకోవడానికి ఉయ్యాలకి కట్టాడు. పోరాడి తెచ్చిన కృష్ణుడు తన దగ్గర పెట్టుకోకుండా సత్రాజిత్తుకే తిరిగి ఇచ్చేశాడు. మణి ఒక్కటే. ధర చూసేవాడి మనసులో ఉంది.

కానీ మామయ్య అప్పుకి ఇది జవాబు కాదు కదా. ఆ జవాబు నాకు వాడపల్లిలో దొరికింది.

కృష్ణ, మూసీ కలిసే చోట ఉన్న అగస్త్యేశ్వరస్వామి స్థలపురాణం ఇది. ఒక బోయవాడు తరుముకొస్తే ఒక పక్షి వచ్చి శివయ్య వెనక దాక్కుంది. అది నా ఆహారం, ఇవ్వమన్నాడు బోయ. శరణు అన్నదాన్ని ఇవ్వను, కావాలంటే నా తల మీది మాంసం తీసుకో అన్నాడు స్వామి. బోయ పది వేళ్లతో తీసుకున్నాడట. ఆ గుంటలు లింగం మీద ఇప్పటికీ చూపిస్తారు.

ఆ పక్షి అరుదైనదేం కాదు, సంతలో పైసా రాదు. బోయవాడి ఆకలి కూడా అబద్ధం కాదు. శివయ్య వాడిని తిట్టలేదు, వట్టి నీతి చెప్పి పంపలేదు. ఆ ఆకలి ఖర్చుని పక్షి మీద వేయకుండా తన మీద వేసుకున్నాడు.

ఇది రాస్తుంటే నాకు తగులుతోంది. మామయ్య అప్పుల్లో ఉన్నాడని మా ఇంట్లో ముందే తెలుసు. నేను సాఫ్ట్‌వేర్ జీతం తీసుకుంటూ ఒక్కసారి కూడా "ఎంత ఉంది మామా?" అని అడగలేదు. ఆయన ఆశతో తప్పు చేశాడు, నిజమే. ఆ ఆశ అంత పెరిగేదాకా మేమందరం ఊరికే చూశాం. ఇప్పుడు నెలనెలా కొంత పంపుతున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు, ఆలస్యమైందని చెబుతున్నాను.

మీకు అలాంటి వీడియో వస్తే ఫార్వర్డ్ చేయకండి. పంపినవాళ్లకి మాత్రం ఒక ఫోన్ చేయండి. వాళ్లకి ఏ కష్టం ఉందో అడగండి.

ఓం నమః శివాయ.