ఎవరి ఆకలి?

మన తెలుగిళ్ళలో ప్రేమకు కొలత ఒక్కటే, ఎంత పెట్టారన్నది. పెళ్ళికి వెళ్ళొచ్చినవాళ్ళు పందిరి గురించి ఒక మాట చెబితే వడ్డన గురించి పది మాటలు చెబుతారు. అల్లుడు మారు అన్నం వద్దంటే అత్తగారి మొహం చిన్నబోతుంది. వచ్చిన చుట్టం "చాలండీ, చాలండీ" అంటూ విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా, ఆ వేళ్ళ సందుల్లోంచి నెయ్యి జారవిడిచే చేతులు మనవి. ఆ చేతుల్ని నేను తప్పుపట్టబోవడం లేదు సుమండీ! మనల్ని పెంచి ఇంతవాళ్ళని చేసినవి ఆ చేతులే. కాని "చాలు" అనగలిగిన నోటికి పెట్టడం ఒక ఎత్తు, అనలేని నోటికి పెట్టడం మరో ఎత్తు. ఆ తేడా ఎంతటిదో తెలియాలంటే ఇంట్లో ఒక గాజుతొట్టి పెట్టి, నాలుగు చేపల్ని వేసి చూడండి.

మా ఇంట్లో ఆ తొట్టి ముందుగదిలో, కిటికీకి కాస్త ఎడంగా, బల్లమీద ఉంటుంది. నూరు లీటర్ల నీళ్ళు, నాలుగు బంగారు చేపలు. పిల్లలు పుట్టినరోజు పేరు చెప్పి వాళ్ళ నాన్న చేత కొనిపించుకున్నారు. ఇంట్లో మేం ఆరుగురం. పొద్దున్నే అత్తగారు స్నానం చేసి, తులసికోటలో నీళ్ళు పోసి, లోపలికి వస్తూ ఒక చిటికెడు మేత వేసేవారు. ఏడింటికి మావారు కాఫీ గ్లాసుతో వచ్చి, చేపలు తనవంకే చూస్తున్నాయని ముచ్చటపడి ఒక చిటికెడు. బడికి వెళ్తూ అమ్మాయి ఒక చిటికెడు. అక్క వేసింది గనక తమ్ముడు పోటీకి రెండు చిటికెలు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మా మరిది, "పాపం, వీటికి ఎవరన్నా పెట్టారో లేదో" అంటూ మరొకటి. ఎవర్నడిగినా ఒకటే మాట: "నేను వేసింది చిటికెడేగా!"

నిజమే. ఎవరిది వాళ్ళకి చిటికెడే. నీళ్ళలో పడేది మాత్రం గుప్పెడు.

పైగా చేప ఎప్పుడు చూసినా అడుగుతున్నట్టే ఉంటుంది. బంగారు చేపకు మనకున్నట్టు జీర్ణకోశపు సంచీ లేదు. తిన్నది నేరుగా పేగులోకే వెళ్తుంది. అందుకని దొరికినప్పుడల్లా కాస్త కాస్త ఏరుకు తింటూ తిరగడం దాని స్వభావం. దానికి జ్ఞాపకం మూడు సెకన్లే అని ఒక మాట ప్రచారంలో ఉంది గాని, అది వట్టిమాట. మేత ఏ వేళకు వస్తుందో, ఏ మూల పడుతుందో చేపలు నేర్చుకుంటాయి. అందుకే మనిషి నీడ అద్దంమీద పడగానే గుంపుగా పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆ తెరిచిన నోటిని చూసి చెయ్యి వెనక్కి తీసుకోవడం మన ఆడవాళ్ళ వల్ల అయ్యే పనేనా? కాని తెరిచిన నోరల్లా ఆకలి కాదు. అది అలవాటు కావచ్చు, ఆశ కావచ్చు.

పోయిన వేసవిలో ఆ నాలుగింటిలో ఒకటి చచ్చిపోయింది. ముందురోజు నీళ్ళు మసకబారాయి. మర్నాడు పొద్దున అది పక్కకి ఒరిగి తేలుతోంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. కళ్ళనీళ్ళు పెట్టుకుని మొదట అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "ఆకలేసి పోయిందా అమ్మా?"

చూశారా! మన పిల్లలకు చావంటే ముందు గుర్తొచ్చేది కూడా తిండి లేకపోవడమే. తిండి ఎక్కువై ఒక ప్రాణి పోతుందని ఆ పిల్లకి ఎలా చెప్పడం? ఆ చేపను చంపినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. అందరూ దాన్ని ప్రేమించినవాళ్ళే.

తొట్టిలో జరిగే సంగతి ఇది. తినకుండా మిగిలిన మేత అడుక్కి చేరి కుళ్ళుతుంది. తిన్నదాంట్లోనూ చాలా భాగం అమ్మోనియాగా మారి, మొప్పల్లోంచి మళ్ళీ ఆ నీళ్ళలోకే వస్తుంది. అమ్మోనియా చేపకు విషం. గులకరాళ్ళమీదా ఫిల్టరులోనూ పెరిగే ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి, అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. అది అంత ప్రమాదం కాదు, వారంవారం కొంత నీరు మార్చేటప్పుడు పోతుంది. కొత్త తొట్టిలో ఈ కంటికి కనపడని సంసారం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎంత కుదురుకున్నా దాని శక్తికి ఒక హద్దుంది. మన ప్రేమకు హద్దు లేకపోతే అది మాత్రం ఏం చేస్తుంది? రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు మూడు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు మేత లేకపోయినా ఉండగలదు. చెడిపోయిన నీళ్ళలో ఒక్కరోజు ఉండడం కష్టం.

ఇదంతా చెబితే మా అత్తగారు ఒప్పుకోలేదు. "నోరులేని జీవాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుని, దానికి పెట్టకుండా మనం తినడం ఏం న్యాయమే?" అన్నారు. ఆవిడ మాట తోసెయ్యదగింది కాదు. గృహస్థు రోజూ చెయ్యవలసిన అయిదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటని మన పెద్దలు చెప్పారు. వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు చీమలకోసం. గోడమీద ముద్ద కాకికోసం. గుడికి వెళ్తే కోనేట్లో చేపలకు గుప్పెడు మరమరాలు. తరతరాలుగా వచ్చిన ఈ దయ మన ఇళ్ళకు అందమే.

కాని ఒక్క సంగతి ఆలోచించండి. కాకి కావలసింది తిని ఎగిరిపోతుంది. చీమ తనకు అక్కర్లేని పిండిని ముట్టుకోదు. కోనేరు పెద్దది. ఒక చేప వదిలేసింది మరో ప్రాణి తింటుంది. అక్కడ మన పని పెట్టడంతో అయిపోతుంది, మిగతాది వాటి ఇష్టం. గాజుతొట్టిలో చేపకు ఆ ఇష్టం లేదు. దానికి విస్తరి, పడకగది, పెరడు అన్నీ ఆ నీళ్ళే. భోజనాలయ్యాక ఎంగిలి విస్తళ్ళు తియ్యకుండా, అదే గదిలో తలుపులు బిగించి మనల్ని పది రోజులు కూర్చోబెడితే ఎలా ఉంటుంది? స్వేచ్ఛగా తిరిగే జీవికి పెట్టడం దానం. మనం బంధించిన జీవికి పెట్టడం దానం కాదు, బాధ్యత. దానం చేసినవాడు వెనక్కి తిరిగి చూడనక్కర్లేదు. బాధ్యత పడ్డవాడికి అసలు పని ఆ వెనక్కి తిరిగి చూడడంతోనే మొదలవుతుంది.

ఆ వెనక పని ఎవరిదో మీకు నేను చెప్పాలా? మేత వెయ్యడానికి అయిదు జతల చేతులు, నీళ్ళు మార్చడానికి ఒక జత. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందని ముందురోజే బకెట్లలో పట్టి ఉంచడం, ఆదివారంపూట గొట్టంతో నాలుగోవంతు నీరు తీయడం, అడుగు మడ్డి లాగడం, ఫిల్టరు స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే పిండడం, గచ్చు తుడవడం. ఇదేదో మనింటి వింత అనుకునేరు! 1846లో అన్నా థిన్ అనే ఇంగ్లీషావిడ సముద్రం ఒడ్డునుంచి పగడపు జీవుల్ని లండన్‌కు తెచ్చి, ఇంట్లో గాజుపాత్రలో బతికించింది. ఇళ్ళలో గాజుతొట్లు పెట్టుకునే ముచ్చటకు దారి వేసినవాళ్ళలో ఆవిడ ఒకరు. ఆ నీళ్ళకు గాలి అందాలంటే, తెరిచిన కిటికీ దగ్గర నిలబడి అరగంటా ముప్పావుగంటా ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోస్తూ ఉండాలి. ఆ పోసింది ఆవిడ పనిపిల్ల. అది ఆ పిల్లకి వినోదంగానే ఉండేదని యజమానురాలు రాసుకుంది. పిల్లనడిగితే ఏం చెప్పి ఉండేదో!

మా ఇంట్లో ఒక శాసనం చేశాను. మేత ఎవరు వేస్తే ఆదివారం నీళ్ళు వాళ్ళే మార్చాలి. కాగితంమీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. అంతే, సోమవారం నాటికి ఇంట్లో భూతదయ సగానికి పైగా తగ్గిపోయింది. మావారికి పేపర్లో వార్తలు ఎక్కువయ్యాయి. "నేను ఊరికే చూసి పోతాను వదినా" అన్నాడు మరిది. పిల్లాడికి పోటీ మీద మోజు తీరిపోయింది. నాలో నేను నవ్వుకున్నాను.

కాని అత్తగారు కూడా మానేశారు. ఆవిడకు డెబ్భై రెండేళ్ళు, బకెట్టు ఎత్తలేరు. ఒక్క మాట అనలేదు. తులసికోట నుంచి తిన్నగా వంటింట్లోకే వస్తున్నారు, తొట్టివైపు చూడకుండా. మూడోరోజుకి ఆ నడక నా కంటపడింది. ఇక్కడే వచ్చింది అసలు చిక్కు.

ఆవిడ కాపరానికి వచ్చిన కొత్తలో ఇంట్లో పదకొండు మంది. రెండు పంక్తుల భోజనాలు. నలభై ఏళ్ళు వడ్డించిన చెయ్యి అది. ఇప్పుడో? కొడుక్కి షుగరు, స్వీటు వద్దంటాడు. మనవడు "చాలు నానమ్మా" అని కంచం పక్కకి లాక్కుంటాడు. మనవరాలు తనే పెట్టుకుని తింటుంది. అందరిదీ న్యాయమే, ఎవరిదీ తప్పు కాదు. కాని ఆవిడ చెయ్యి చూడగానే నోరు తెరిచేవి ఈ ఇంట్లో ఇక ఆ చేపలే. ఆ చిటికెడు మేత చేప ఆకలి తీర్చిందో లేదో గాని, ఇంకెవరి ఆకలో తీరుస్తోంది. చేపకు మంచిదని ఆ పెద్దప్రాణాన్ని ఉసూరుమనిపించడం ధర్మమా? పెద్దావిడ ముచ్చట కోసం మూడు మూగప్రాణాల్ని వాటి నీళ్ళలోనే ఉక్కిరిబిక్కిరి చెయ్యడం ధర్మమా?

దారి చూపించింది మా అమ్మాయి. "బకెట్లు నేనూ నాన్నా మోస్తాం. మేత మాత్రం ఒక్క నానమ్మే వెయ్యాలి, ఇంకెవ్వరూ ముట్టుకోకూడదు" అంది. డబ్బా ఆవిడ చేతికి వెళ్ళింది. ఎంత వెయ్యాలో కొలతకు ఒక చిన్న చెంచా. వారానికి ఒకరోజు మేత పూర్తిగా మానేస్తే వాటి ఒంటికి మంచిదని నేను భయపడుతూనే చెప్పాను. ఆవిడకు అది ఎంత తేలిగ్గా ఎక్కిందో! "ఆ మాట ముందే చెప్పొద్దుటే? శనివారం నాకెలాగూ ఉపవాసమే. వాటికీ అదే" అన్నారు. చెంచా కొలత నచ్చనావిడకు ఉపవాసం మాత్రం నచ్చింది. బుధవారం ఒక బఠాణీగింజ ఉడికించి, పొట్టు తీసి, చిదిపి వేస్తారు. ఆ ఒక్క గింజ పొట్టు తియ్యడానికి ఆవిడ పడే శ్రద్ధ చూడాలి!

ఒకనాడు నన్ను పిలిచి, "ఆ పొడుగుతోకది రెండు రోజులుగా అడుగునే ఉంటోంది, పైకి రావడం లేదు, చూడవే" అన్నారు. మాలో ఎవరికీ కనపడలేదు అది. అప్పుడు నీళ్ళు మార్చి, ఒకపూట మేత ఆపి చూశాం. తేరుకుంది. అయిదుగురం వేసినన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. ఒకరు వెయ్యడం మొదలెట్టాక చూసేవాళ్ళు ఒకరు దొరికారు.

అసలు చేపల్ని గాజులో బంధించడమే తప్పంటారా? కాదని గట్టిగా వాదించలేను. 2003లో బ్రిటన్‌లో శాస్త్రజ్ఞులు ట్రౌట్ చేపలకు నొప్పిని పసిగట్టే నరాలు ఉన్నాయని చూపించారు. దాన్ని అవి మనలాగే అనుభవిస్తాయా అన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు. అలాగని పట్టుకెళ్ళి చెరువులో వదిలేస్తే పుణ్యం కాదు. వెయ్యేళ్ళకు పైగా మనిషి చేతిలో తరతరాలుగా మారుతూ వచ్చిన జాతి అది. చెరువులో అది బతకలేకపోవచ్చు, బతికితే అక్కడి చేపలకే చేటు. తెచ్చుకున్నాక దాని ఆయుర్దాయం మన లెక్కలో పడ్డట్టే. 1956లో ఇంగ్లండులో ఒక కుర్రవాడు సంతలో ఆట గెలిచి తెచ్చుకున్న బంగారు చేప 1999 దాకా, 43 ఏళ్ళు, బతికింది. ఆ కుర్రవాడు పెద్దవాడయ్యాక చేపను కనిపెట్టుకుని ఉన్నది అతని తల్లిదండ్రులు. పిల్లల పుట్టినరోజు సరదా ఎంత దూరం వస్తుందో చూశారా!

చేపల మాట అటుంచండి. మన ఇళ్ళల్లో "చాలు" అనలేని నోళ్ళు ఇంకా ఉన్నాయి. చేతిలో ఫోను పెట్టి, అది చూస్తూండగా ముద్దలు కుక్కించుకునే చంటివాడు ఉన్నాడు. మంచంపట్టి, వద్దంటే కోడలు నొచ్చుకుంటుందేమోనని మింగే ముసలాయన ఉన్నాడు. కొత్తకోడలు కడుపునిండినా అత్తవారింట ఆ మాట పైకి అనలేదు. వాళ్ళకి పెట్టేటప్పుడు ఒక్క క్షణం వాళ్ళ మొహంవంక చూస్తే, ఆ ముద్ద వాళ్ళ ఆకలికో, మన ఆకలికో తెలిసిపోతుంది. మన ఆకలికైనా సిగ్గుపడనక్కర్లేదు. పెట్టాలన్న ఆకలి కూడా ఆకలే, దానికీ ఒక చెంచా కొలత, వారానికో ఉపవాసం ఏర్పాటు చేసుకుంటే సరి. ఏమంటారు?