పాతదా? జీర్ణమైందా?



ఈ వారం వీడియోలో భగవద్గీత రెండో అధ్యాయం, 22వ శ్లోకం చెప్పుకున్నాం కదా. మనిషి చిరిగిపోయిన బట్టలు వదిలి కొత్తవి కట్టుకున్నట్టు, ఆత్మ పాత శరీరాన్ని వదిలి కొత్తది తీసుకుంటుందని కృష్ణుడు అర్జునుడికి చెప్పిన మాట. ఈ శ్లోకం నాకు నిజంగా అర్థమైంది మాత్రం మొన్న మే నెలలో, మౌలాలిలోని మా ఇంట్లో, చల్లబడని ఏసీ కింద.

ఆ ఏసీ 2014లో నాన్న కొన్నది. నేను అప్పుడు ఇంటర్. "పిల్లాడు చెమటల్లో ఏం చదువుతాడు" అని నా గదిలో పెట్టించారు. అమ్మా నాన్నా హాల్లో ఫ్యాన్ కిందే పడుకునేవాళ్ళు. ఇప్పుడు నాన్న లేరు. ఆ ఏసీకి వరసగా మూడో ఎండాకాలం గ్యాస్ అయిపోయింది.

నేను ఫోన్‌లో కొత్త మోడల్, ఈఎంఐ అన్నీ చూసేసుకున్నా. అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న తెచ్చింది రా. గ్యాస్ కొట్టిస్తే మళ్ళీ నడుస్తుంది" అంది. నాకు కోపమొచ్చి గొంతు పెంచాను. ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోలేదు.

పొద్దున వచ్చిన మెకానిక్ అన్నయ్య ఒక్క మాటన్నాడు: "సార్, ఏసీలో గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చవ్వదు. మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ కొడితే అది రిపేరే కాదు." ఇంజినీరింగ్ చదివి కూడా మూడేళ్ళుగా నేను ఆ ప్రశ్నే అడగలేదు!

కృష్ణుడు వాడిన మాట "జీర్ణాని". పాతవి అని కాదు, అరిగి చివికిపోయినవి అని. పాతబడటం కేలండర్ చెబుతుంది. జీర్ణమైందో లేదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. నేను కొత్తదాని మీద ఆశతో, అమ్మ పాతదాని మీద మమకారంతో, ఇద్దరం అసలు వస్తువును చూడకుండానే తీర్పు చెప్పేశాం.

అన్నయ్య నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ రాసి చూశాడు. లోపలి కాయిల్‌కి చాలా చోట్ల సన్నటి చిల్లులు. ఆ మోడల్ కాయిల్ ఇప్పుడు దొరకట్లేదు. పైగా అందులోది ఆర్-22 గ్యాస్. ఓజోన్ పొరను దెబ్బతీస్తుందనే 1987 మాంట్రియల్ ఒప్పందం కింద దేశాలన్నీ దాన్ని వదిలేస్తున్నాయి. అంటే మేం గ్యాస్ కొట్టించిన ప్రతిసారీ అది ఆకాశంలోకే పోయింది. కెపాసిటరో, ఫ్యాన్ మోటారో, ఒక్క జాయింటో పోయి ఉంటే బాగు చేయించుకోవడమే ధర్మం. మాది మాత్రం నిజంగానే జీర్ణమైంది.

మరి అమ్మ మనసు? ఉప్పల్‌లో బస్సెక్కితే వెళ్ళే మన యాదగిరిగుట్టే గుర్తొచ్చింది. 2016లో బాలాలయం కట్టి, గుడిని కృష్ణశిలతో కొత్తగా నిర్మించి, 2022 మార్చి 28న మళ్ళీ తెరిచారు. గోపురాలు మారాయి, మండపాలు మారాయి. గుహలోని స్వయంభువు నరసింహస్వామి మాత్రం అక్కడే ఉన్నాడు. జీర్ణోద్ధారణ అంటే అదే. మారాల్సింది మారుతుంది, మూలం కదలదు.

మా ఏసీలో మూలం ఏంటి? కాయిల్ కాదు, కంప్రెసర్ కాదు. తాను ఉక్కపోతలో పడుకుని ఇంకొకరికి చల్లదనం ఇచ్చిన నాన్న మనసు. పన్నెండేళ్ళు ఆ చల్లదనంలో పడుకుంది నేను. నేను ఎంచుకున్న కొత్త ఏసీ కూడా నా గదికే! అది తట్టగానే సిగ్గేసింది.

పాత గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి తీయించాం. నాన్న బిగించిన ఇనుప స్టాండు గట్టిగానే ఉంది. తుప్పు గీకి, రంగేసి, దాని మీదే కొత్త యూనిట్ పెట్టించాం. ఏసీ మాత్రం అమ్మ గదిలో. ఆ రాత్రి అమ్మ, "మీ నాన్న లాగే చేశావు రా" అంది.

మన కోపాలు, అలవాట్లు కూడా ఇంతే. ఏడాదికోసారి గుడికెళ్ళి ప్రశాంతత నింపుకుని వస్తాం. నెలలో ఖాళీ! లీకు ఎక్కడో వెతకం. ఈ వారం ఒక్కసారి కూర్చుని చూసుకోండి. బాగుచేయగలిగేది బాగుచేసుకోండి, జీర్ణమైంది వదిలేయండి, మూలాన్ని మాత్రం పట్టుకోండి.

ఓం నమో నారసింహాయ. వచ్చే వారం కలుద్దాం.