శిఖరమా? మార్గమా?

అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున ప్రెసిడెన్షియల్ శ్రేణి యను పర్వతపంక్తి కలదు. మాడిసన్, ఆడమ్స్, జెఫర్సన్, వాషింగ్టన్, మన్రో మొదలగు శిఖరములను పర్వతపు వెన్నువెంట ఒక్క వేసవి దినమున దాటుటకు సాహసికులు పూనుకొందురు. దారి సుమారు 37 కిలోమీటర్లు. జూన్ మాసపు సుదీర్ఘమైన పగలే వారికి ఆధారము.

వీనిలో ఉన్నతమైనది 6,288 అడుగుల వాషింగ్టన్. నడచినవారు అచటికి చేరునప్పటికే, 1861లో తెరువబడిన బాటపై మోటారులలోను, 1869 నుండి పళ్లచక్రముతో ఎగబ్రాకుచున్న రైలులోను వచ్చినవారు అచట నిలిచియుందురు. శిఖర మొక్కటే; కానవచ్చు దృశ్యమొక్కటే. అట్లయిన నడచినవాడు అధికముగా పొందిన దేమి?

చేరుటయే ఫలమైనచో ఏమియు లేదు. నడక యొసగునది ఆత్మపరీక్ష. 1934 ఏప్రిల్ 12న ఈ శిఖరముపై గాలి గంటకు 231 మైళ్ల వేగముతో వీచెను. 1855 సెప్టెంబరులో లిజీ బోర్న్ అను యువతి గమ్యమునకు అతిసమీపమున ప్రాణములు విడిచెను. వేసవిలో సైతము అచట తుపాను హఠాత్తుగా క్రమ్మును. అప్పుడు ముందుకు సాగవలెనా, మరలవలెనా?

శిఖరమును కోరనివానికి దానిని విడచుట త్యాగము కాదు. దినమంతయు శ్రమించి, కన్నులయెదుట నున్నదానిని విడువగలవాడే ఫలాసక్తిని జయించినవాడు. అయినను, కేవలము అలసటకు వివేకమని పేరిడుట ఆత్మవంచన. ఈ రెండింటి భేదమును ఏ పటమును చూపజాలదు. సాధకుని నిష్కపటమైన అంతఃకరణమే చూపవలెను.